గ్రంథమునకు శాస్త్రసాక్ష్య మేల?

బైబిలు నేటి ప్రకృతిశాస్త్రముతో అక్షరమక్షరము సరిపోవుచున్నదని కొందఱు భక్తులు చాటుచున్నారు. వీరి సదుద్దేశమును శంకింపను గాని, వీరు చేయుచున్నది ఆ గ్రంథమునకే అపకారమని చెప్పక తప్పదు.

యెహోషువ గ్రంథమున సూర్యుడు నిలిచెనని యున్నది. ఇట్టి వాక్యముల నాధారము చేసికొని మతాధికారులు భూమి కదలదనిరి. కదలుచున్నదనిన గెలీలియోను 1633లో రోమునగరమున దండించిరి. ప్రాచీన ఖగోళము కూలిపోయెను. అపకీర్తి గ్రంథమునకు మిగిలెను. ఆనాటి మతపండితులు పొరబడిరని 1992లో పోపు రెండవ జాన్ పాల్ అంగీకరింపవలసి వచ్చెను.

విశ్వము వ్యాకోచించుచున్నదని 1927లో ప్రతిపాదించిన లెమేత్రు క్రైస్తవ పురోహితుడే. 1951లో పోపు పన్నెండవ పయస్ నూతన ఖగోళశాస్త్రమును సృష్టికి సాక్షిగా బిలువగా, లెమేత్రు సంతసింపలేదు. తన సిద్ధాంతము మతప్రశ్నలకు వెలుపలిదని 1958లో స్పష్టముగా బలికెను. ఆయన భక్తికి దీనివలన లోటేమి కలిగినది?

శాస్త్రమున నేటి సిద్ధాంతము రేపు సవరింపబడవచ్చును. దానికి ముడివేసిన విశ్వాసము రేపేమగును? వేదములలో విమానములు వెదకు మన పండితులును ఈ ప్రశ్నకు బదులు చెప్పవలయును. నడవడి దిద్దుకొనుటకు గ్రంథమును జదువుదము. నక్షత్రగతి నెఱుగుటకు దూరదర్శిని నాశ్రయింతము.