తెల్లకాగితం మీద వేలిముద్ర

పత్తి సీజను ముగిసేటప్పటికి మన పల్నాట్లో యేటా వినబడే మాట వొకటున్నది. "రేపట్నుంచి పనిలోకి రావొద్దు." నోటీసు వుండదు, కారణం చెప్పరు. యజమాని ఎదుట పడడు, మేస్త్రీ చేత చెప్పిస్తాడు. ఆ వెంటనే వొక తెల్లకాగితం వస్తుంది. "లెక్క తేలిపోయింది, వేలిముద్ర వెయ్యి" అంటారు.

యీమధ్య వొక జిన్నింగు మిల్లు కార్మికుడు మా దగ్గరికి వచ్చాడు. సీజను కూలీ కాదు, ఏడాది పొడుగునా మిల్లులోనే వుండేవాడు. పన్నెండేళ్ల సర్వీసు. నెలకు 13,000 జీతం. వెళ్లగొట్టేటప్పుడు చేతిలో పెట్టింది వారం కూలీ. "తీసేశాక యింకేం బాకీ వుంటుందన్నా?" అని అడిగాడు.

వుంటుంది. చేసిన రోజుల కూలీ తీసేసిన రెండు పనిదినాల్లోపల యివ్వాలి. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనూ యిది వున్నది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ వున్నది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాణ్ణి పని తగ్గిందని తీసెయ్యాలంటే నెల నోటీసు, లేదా నెల జీతం యివ్వాలి. దానికితోడు ఏడాదికి పదిహేను రోజుల చొప్పున పరిహారం. 1953 నుంచీ వున్న హక్కు యిది. తప్పు చేశాడని తీసేస్తే ముందు విచారణ జరపాలి.

గ్రాట్యుటీ వేరే. 1972లో వచ్చిన చట్టం. అయిదేళ్లు నిండితే చాలు. నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. మనవాడి లెక్క వేసి చూశాం: రోజుకు 500, పదిహేను రోజులకు 7,500, పన్నెండేళ్లకు 90,000 రూపాయలు! సీజను కార్మికుడికైతే సీజనుకు ఏడు రోజుల కూలీ. యిది యజమాని చేసే ధర్మం కాదు, మన జీతంలోంచి వెనక పట్టుకున్న సొమ్ము. వేలిముద్ర వేసినంత మాత్రాన యీ హక్కు పోదు. కాకపోతే రుజువు బరువు మన నెత్తిన పడుతుంది. అందుకే పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు, జీతం పడిన బ్యాంకు పుస్తకం, ఏ చీటీ వున్నా పారెయ్యొద్దని చెబుతున్నాం. ఊరుకోవటమూ ప్రమాదమే. కొత్త కోడ్ ప్రకారం రెండేళ్లు దాటిన తొలగింపు వివాదాన్ని రాజీ అధికారి చేపట్టడు.

కొత్త కోడ్‌లు గడువు కాంట్రాక్టు కార్మికుడికి ఏడాదికే గ్రాట్యుటీ యిచ్చాయని పాలకులు గొప్పగా చెప్పుకుంటున్నారు. నిజమే, యిచ్చాయి. అయితే కాంట్రాక్టు గడువు ముగిసి పంపిస్తే అది తొలగింపు కిందికే రాదన్నాయి. నోటీసూ లేదు, పరిహారమూ లేదు. ప్రభుత్వ అనుమతి లేకుండా కార్మికులను తగ్గించే హద్దును కూడా 100 నుంచి 300కి పెంచాయి. మన జిన్నింగు మిల్లుల్లో, పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో మూడొందల మంది ఎక్కడున్నారు?

కాగితం మీది హక్కు చేతికి రావాలంటే ఏం కావాలో అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లను అడగండి. మన కూలీల యిళ్లలోంచి ఆయాలుగా వెళ్లినవాళ్లు చాలామంది. వీళ్లకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాష్ట్రంలో అమలు కాలేదు. జీతాల పెంపు, గ్రాట్యుటీ కోరుతూ 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగారు. 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించారు. జనవరి 22న, విధుల్లో చేరనివాళ్లను తొలగించమని కలెక్టర్లకు ఆదేశాలు వెళ్లాయి. ఆ రాత్రే ప్రభుత్వం చర్చలకు కూర్చోవలసి వచ్చింది. 42 రోజుల సమ్మె ముగిసింది, తొలగింపులు ఆగాయి. వొంటరి మిల్లు కార్మికుణ్ణి తీసెయ్యటానికి వొక మేస్త్రీ చాలు. వాళ్లను తీసెయ్యటం ప్రభుత్వానికే చేతకాలేదు.

మిల్లు కార్మికుడి దరఖాస్తు రాసి కార్మిక శాఖలో యిచ్చాం. ఆయన వెంట బావమరిది కూడా వచ్చాడు. అతనూ పన్నెండేళ్లుగా వొక ఆసామి దగ్గర పాలేరు. "మరి నా లెక్కో?" అన్నాడు. గ్రాట్యుటీ చట్టంలో ఫ్యాక్టరీ వున్నది, గని వున్నది, తోట వున్నది, దుకాణం వున్నది. పాలేరు దున్నే పొలం లేదు. కేరళలో 1974లోనే వ్యవసాయ కార్మికుల చట్టం చేసి పనికి భద్రత, భవిష్యనిధి పెట్టారు. మన దగ్గర అటువంటి చట్టం ఎప్పుడు చేస్తారని అడుగుతున్నాం. అతని పేరు, ఆసామి దగ్గర చేరిన సంవత్సరం మా పుస్తకంలో రాసుకున్నాం.