అమాల్థియా మీద లేని గుంట

కిందటి వేసవి సెలవులకు మా మేనల్లుడు కూర్మన్నపాలెం నుంచి వచ్చి మా ఇంట్లో వారం రోజులున్నాడు. పద్నాలుగేళ్ళవాడు. బీచికి తీసుకెళతానన్నా కదల్లేదు. నా కంప్యూటరులో ఆర్బిటరు ఉందని వాడికి తెలిసిపోయింది మరి!

ఆర్బిటరును ఎరుగని చదువరులకు ఒక్క మాట. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన మార్టిన్ ష్వైగర్ 2000లో విడుదల చేసిన ఉచిత వ్యోమయాన సిమ్యులేటరు ఇది, అనుకరణి అందాం. 2021లో దాని మూలసంకేతాన్ని కూడా అందరికీ ఇచ్చేశారు. ఇందులో శత్రువులు లేరు, తుపాకులు లేవు, మార్కులు లేవు. న్యూటన్ సూత్రాలూ, తరిగిపోయే ఇంధనమూ, మన తొందరపాటూ మాత్రం ఉన్నాయి.

వాడు కోరుకున్న గమ్యం అమాల్థియా. బృహస్పతి కేంద్రం నుంచి సుమారు 1,81,000 కిలోమీటర్ల దూరంలో, పన్నెండు గంటలకు కాస్త తక్కువ సమయంలో ఒక చుట్టు పూర్తిచేసే చిన్న చంద్రుడది. ఆర్బిటరుతో పాటు వచ్చేవి బృహస్పతి పెద్ద చంద్రులు నాలుగే. ఈ చిన్నదాన్ని ఎవరో ఔత్సాహికుడు తయారుచేసి ఉచితంగా పంచితే, ఆ జోడింపును నేను దించుకున్నాను.

రెండుసార్లు గురి తప్పింది. అమాల్థియా సెకనుకు 26 కిలోమీటర్లకు పైగా పరుగెడుతుంది. దాని పక్కకు చేరాలంటే మనమూ ఆ వేగాన్నే అందుకోవాలి, ఆ దిక్కుకే తిరగాలి. "రేవులోకి ఓడ రావడం చూశావు కదరా! డాల్ఫిన్స్ నోస్ పక్కన కాలువలో అడుగుపెట్టకముందే వేగం చంపుకుంటుంది. లోపలికొచ్చాక ఆపుదామంటే ఆగదు" అన్నాను. మూడోసారి వాడు ముందునుంచే లెక్క వేసుకుని నెమ్మదిగా దిగాడు. అక్కడి ఆకర్షణ భూమి మీది దానిలో ఐదు వందలో వంతు. మీటరు ఎత్తునుంచి జారవిడిచిన రాయి నేలను తాకడానికి పది సెకన్లు పడుతుంది. తలెత్తి చూస్తే బృహస్పతి, మన పున్నమి చంద్రుడికి తొంభై రెట్ల వెడల్పుతో, ఉదయించకుండా అస్తమించకుండా ఒకేచోట వేలాడుతోంది. ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

అప్పుడు వాడు నౌక పక్కనున్న ఓ చిన్న గుంటను చూపించి, "మావయ్యా, ఇది నిజంగా అక్కడుందా?" అని అడిగాడు. "ఉంటుందిరా" అన్నాను, ఆలోచించకుండానే. వాడు తన నోటుపుస్తకంలో తేదీ వేసి "గుంటను చూశాను" అని రాసుకున్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. లేచి వెదికాను. అమాల్థియా మీద పాన్, గాయా అనే రెండు పెద్ద గుంటలున్న మాట నిజం. 1979లో వాయేజరు, ఆ తరువాత గెలీలియో నౌక తీసిన చిత్రాల్లో అవి కనిపిస్తాయి. కాని ఆ చిత్రాల్లో అత్యంత స్పష్టమైనవాటిలో సైతం కిలోమీటరుకన్నా చిన్న వివరం తెలియదు. మావాడు చూసిన గుంట వంద మీటర్లు కూడా ఉండదు. అది ఆ ఔత్సాహికుడి కుంచె పని. అంతేకాదు, 250 కిలోమీటర్ల పొడవూ, 130 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా మందమూ ఉన్న ఆ చిలగడదుంపను జోడింపు గుండ్రని బంతిగా లెక్కిస్తోంది. నేను పిల్లవాడికి అబద్ధం చెప్పాను.

"ఆటే కదా, ఏం పోయింది?" అనే మిత్రులున్నారు. "అందుకే ఆ బొమ్మలు కట్టిపెట్టి నిజమైన ఆకాశం చూడమనేది" అనేవారూ ఉన్నారు. ఇద్దరితోనూ నాకు పేచీయే.

ముందు రెండోవారి సంగతి. మన డాబా మీంచి ఏ చిన్న దూరదర్శినితో చూసినా అమాల్థియా కనబడదు. బృహస్పతి వెలుగులో మునిగిపోతుంది. 1892 సెప్టెంబరు 9న బర్నార్డు దాన్ని పట్టుకోవడానికి లిక్ వేధశాలలోని 36 అంగుళాల దూరదర్శిని కావలసివచ్చింది. 2002 నవంబరులో గెలీలియో నౌక దానికి 160 కిలోమీటర్ల దాపుగా వెళ్ళినప్పుడు కెమెరాను అప్పటికే ఆపేశారు. ఒక్క బొమ్మా రాలేదు. అయినా రేడియో సంకేతాల్లో వచ్చిన చిన్నపాటి మార్పునుంచి దాని ద్రవ్యరాశి తేలింది. రాతిముద్ద అనుకున్నది నీటికన్నా తేలికైనదని, లోపల బోలెడు ఖాళీలు ఉండి ఉండాలని ఆ లెక్కే చెప్పింది. కంటికి ఏమీ కనబడని ఆ సమాగమం అంత నేర్పింది. నేను దించుకున్న జోడింపులోని పాఠ్య దస్త్రం తెరిచి చూస్తే, అందులో ఉన్నది ఈ కొత్త ద్రవ్యరాశే. అంటే మావాడు దిగిన తీరు, రాయి పడే పది సెకన్లు, ఆకాశంలో బృహస్పతి పరిమాణం, ఇవన్నీ నిజాలే. అనుకరణి నకిలీ కాదు. కంటికి కనిపించేలా చేసిన గణితం.

ఇక మొదటివారికి జవాబుగా మన ఊరి పెద్దమనిషి ఒకరిని తలుచుకుంటాను. గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడాన్ని ఇక్కడినుంచే పరిశీలించి పంపితే, లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అమాల్థియా దొరికిన 1892లోనే ఆయన కన్నుమూశారు. ఏ జీతమూ లేకుండా ఇంట్లో కూర్చుని ఆకాశం చూసిన ఔత్సాహికుడి మాటను అంత దూరాన ఎందుకు నమ్మారు? పరిశీలకుడు ఎక్కడినుంచి చూశాడో, దేనితో చూశాడో, ఎన్ని గంటలకు చూశాడో చెప్పాలన్నది ఆ విద్యలో నియమం కనుక. ఔత్సాహికుడికి ఉన్న పరువంతా ఆ నియమంలోనే ఉంది.

నేటి ఔత్సాహికుడికీ అదే వర్తించాలని నా అభిప్రాయం. అనుకరణి లోకాలను తయారుచేసేవారు కొలిచింది ఏదో, కల్పించింది ఏదో ఒక పుట రాసి జతచేయాలి. చిత్రాలకు అందని చోటును బూడిద రంగులో వదిలేసినా నేను చిన్నబుచ్చుకోను. తెలియనిదాన్ని ఖాళీగా ఉంచడం లోపం కాదు. ఆ ఖాళీని చూసిన కుర్రాడే రేపు దాన్ని నింపాలనుకుంటాడు. అందంగా పూడ్చేసిన చోట ప్రశ్న పుట్టదు. ఎగిరే మనమూ బొమ్మకు ముందు దస్త్రం చదవాలి. పిల్లలడిగితే "చూసి చెబుతాను" అనడం నేర్చుకోవాలి. ఆ చివరిది నాకు నేను చెప్పుకుంటున్నది.

మర్నాడు పొద్దున్నే వాడికి జరిగింది చెప్పాను. నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. నోటుపుస్తకం తీసి "గుంటను చూశాను" అన్న వాక్యాన్ని కొట్టేసి, కింద "గుంట బొమ్మ, దిగడం నిజం" అని రాసుకున్నాడు. తరువాత అడిగాడు: "మరి అక్కడ నిజంగా ఏముంది మావయ్యా?"

ఇంకా ఎవరూ చూడలేదని చెప్పాను. వాడి ముఖం వెలిగింది.