కూర్చోబెట్టడమే సేవా?

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో ఏళ్ల తరబడి కాయలు వలిచిన చేతికి డెబ్బై దాటాక నీళ్ల సీసా మూత తిరగకపోతే, ఇంటిల్లిపాదీ అనే మాట ఒక్కటే: "వయసు మీద పడింది." దానితో విచారణ ముగుస్తుంది. వైద్యులు మాత్రం అక్కడే మొదలుపెట్టమంటారు.

2001లో లిండా ఫ్రీడ్ అనే అమెరికా వైద్యురాలు, ఆమె సహచరులు వార్ధక్య దౌర్బల్యానికి ఐదు గుర్తులు చెప్పారు: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఎడతెగని అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, కదలికలు తగ్గిపోవడం. మూడు కనిపిస్తే దౌర్బల్యమే. ఒకటి రెండైతే దానికి ముందుమెట్టు. వృద్ధాప్యం అందరికీ వస్తుంది, ఈ స్థితి అందరికీ రాదు. వచ్చినవారిని మాత్రం నాలుగు రోజుల జ్వరం కూడా మంచాన పడవేయగలదు.

తల్లిదండ్రుల సేవను మన కుటుంబాలు ఇబాదత్‌గా భావిస్తాయి. ఆ ప్రేమతోనే వారి చేతిలోని పని లాగేసుకుంటాము. "మీరు కూర్చోండి అబ్బా, మేమున్నాము కదా!" మంచినీళ్లు మంచం దగ్గరకే వస్తాయి. 2007లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, ఆరోగ్యవంతులైన వృద్ధులను కేవలం 10 రోజులు పడకకు పరిమితం చేస్తే కాళ్ల కండ ఇంచుమించు ఒక కిలో తరిగిపోయింది. దీనికి మరోవైపూ ఉన్నది. 1990లో బోస్టన్‌లో 86 నుండి 96 ఏళ్ల దుర్బలుల చేత 8 వారాలు కాళ్లతో బరువులెత్తించగా, వారి కాలి బలం సగటున రెట్టింపుకు మించి పెరిగింది. తొంభై ఏళ్లవారికే అది సాధ్యమైతే, డెబ్బై ఏళ్ల మన అమ్మీకి ఎందుకు సాధ్యం కాదు? వైద్యుని అడిగి, గోడ పక్కన కుర్చీ వేసి, ఒకరు దగ్గర నిలబడి, ఆమెను పదిసార్లు లేచి కూర్చోమనండి.

మస్జిదులలోనూ కుర్చీలు పెరుగుతున్నాయి. నిలబడలేనివారు కూర్చుని నమాజు చేయవచ్చునన్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) హదీసు ప్రసిద్ధమే. అది అశక్తునికి లభించిన వెసులుబాటు. కొట్టుదాకా నడిచివచ్చి ఫర్జ్ నమాజుకు మాత్రం కుర్చీ వెతికేవారితో, ఖియాంలో నిలబడగలిగినంతసేపు నిలబడమని మేము చెబుతుంటాము. (నిజంగా మోకాళ్లు పట్టేసినవారికి ఈ మాట వర్తించదు.)

ఇక తిండి. పళ్లు లేవని దాదీకి రెండు పూటలా గంజి, టీలో ముంచిన బిస్కట్టు పెడితే కండ ఎక్కడి నుండి వస్తుంది? చేపకు కొదువలేని సీమ మనది. ముళ్లు ఏరి పెట్టడానికి కోడళ్లే కానక్కరలేదు, కొడుకులూ చాలు. గుడ్డు, పప్పు, పెరుగు ఎలాగూ ఉన్నవే. మూత్రపిండాల జబ్బున్నవారు మాత్రం ముందుగా వైద్యుని అడగాలి.

కారణం లేకుండా బరువు తగ్గుతుంటే క్షయ, మధుమేహం, థైరాయిడ్, రక్తహీనత, మనోవ్యాకులత వంటివేవో దాగి ఉండవచ్చు. వేసుకునే మాత్రల వల్ల కూడా తూలు రావచ్చు. ఈసారి అమలాపురం ఆసుపత్రికి తీసుకువెళ్లేటప్పుడు, ఇంట్లోని మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి.