‘ఇది’ అంటే ఏది సార్?

అశోక్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్. మూడో అంతస్తు. ఇరుకు మెట్లు, లిఫ్ట్ లేదు. హాల్లో రెండొందల మందిమి భుజాలు రాసుకుంటూ కూర్చున్నాం. రీజనింగ్ క్లాసు. సార్ బోర్డు మీద మార్కర్‌తో టకటకా కొడుతూ, “ఇదుంది కదా, దీన్ని తెచ్చి ఇక్కడేస్తే ఇది ఇదైపోతుంది. అర్థమైందా?” అన్నారు.

అలవాటు కొద్దీ అందరం “యస్సార్” అన్నాం.

రెండో వరసలోంచి ఓ గొంతు లేచింది. “సార్, ‘ఇది’ అంటే ఏది సార్?”

హాలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఆ తర్వాత చూశాను, అతని ఒళ్లో మడతపెట్టి ఉన్న తెల్లకర్రని. “క్లాసయ్యాక చెప్తాలే” అన్నారు సార్. క్లాసయ్యాక ఆయనకి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో క్లాసు. చెప్పలేదు.

ఆ కుర్రాడు ఇప్పుడు నా ఫ్రెండ్. పేరు రాస్తానంటే వద్దన్నాడు. “పోస్టు కొట్టినంక రాయన్నా, ఫొటోతోని” అన్నాడు. నల్లగొండ జిల్లా వాడు. రోజూ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వస్తాడు. కానీ మా చదువు మాత్రం బయట టీ బండి దగ్గరే. లైబ్రరీలో పైకి చదివితే పక్కవాళ్లు ఊరుకోరు. పైకి చదవకపోతే వాడికి పని జరగదు.

వాడి ఫోన్ మాట్లాడుతుంది. టాక్‌బ్యాక్ ఆన్ చేసుకుంటే స్క్రీన్ మీద ఉన్నదంతా చదివి వినిపిస్తుంది, అదీ మనకి ఒక్క ముక్క అర్థంకానంత స్పీడులో. ఓ రోజు మా స్టడీ గ్రూపు తెరిచి వినిపించాడు. ఫొటో. ఫొటో. ఫొటో. మనం నోట్స్‌ని ఫొటో తీసి పడేస్తాం కదా, వాడికి చేరేది ఆ ఒక్క మాటే. ఫొటోలో అక్షరాల్ని గుర్తుపట్టే యాప్‌లు ఉన్నాయి గానీ, నా చేతిరాత దాకా వచ్చేసరికి అవి కూడా చేతులెత్తేశాయి!

అప్పుడే అడిగాడు. “నీ స్కూల్ల మా అసుంటోళ్లు ఎవరన్నా ఉండిరా అన్నా?”

“లేరు” అన్నాను.

రాత్రి రూముకెళ్లి పడుకున్నాక గుర్తొచ్చింది. ఉంది.

నారాయణగూడ సందుల్లో మా స్కూలు. మా క్లాసులో ఓ అమ్మాయి కాళ్లకి క్యాలిపర్స్ వేసుకుని వచ్చేది. లెక్కల్లో నాకంటే ఎప్పుడూ నాలుగు మార్కులు ఎక్కువే. ఎనిమిది దాకా క్లాసు కిందే ఉండేది కాబట్టి ఇబ్బంది లేదు. తొమ్మిదో తరగతి రెండో అంతస్తుకి మారింది. రెయిలింగ్ పట్టుకుని, బ్యాగు మాలో ఎవరో ఒకరికిచ్చి, ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చేసరికి మొదటి పీరియడ్ సగం అయిపోయేది. లేట్ మార్కు పడేది. దసరా సెలవుల తర్వాత టీసీ తీసుకుంది. అందరం డబ్బులేసుకుని పెన్ సెట్ కొనిచ్చాం. “పాపం, మానేసింది” అనుకున్నాం.

కింద ఆరో తరగతి ఉండేది. వాళ్లని పైకి పంపి మమ్మల్ని కిందికి దించితే సరిపోయేది. మార్చాల్సింది రెండు బోర్డులు, కొన్ని బెంచీలు. ఆ ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. నవ్వుతారేమోనని నోరు విప్పలేదు. ఆ అమ్మాయి మానేయలేదు. మేమే మాన్పించాం.

ఇప్పుడు చట్టం ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. ప్రభుత్వ నిధులు, గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు ఏ పిల్లాణ్నీ వైకల్యం పేరుతో కాదనకూడదని, మిగతా పిల్లలతో కలిపి చదివించాలని, బిల్డింగు దగ్గర్నుంచి అన్నీ అందుబాటులో ఉండాలని చెబుతుంది. ఆ పిల్లాడి అవసరానికి తగ్గ సర్దుబాటు చేయాలని కూడా అంటుంది. రెండు క్లాసులు అటూ ఇటూ మార్చడం అలాంటి సర్దుబాటే.

చట్టం కంటే ముందు పోరాడినవాళ్లూ ఉన్నారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ సంగతి చాలామందికి 2024లో వచ్చిన హిందీ సినిమాతోనే తెలిసింది. పుట్టుకతోనే చూపు లేదు. ఊరి బడిలో వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు, ఎవరూ పలకరించేవాళ్లు కాదు. హైదరాబాద్‌లోని అంధుల పాఠశాలలో టెన్త్ బాగా పాసయ్యాడు. ఇంటర్లో సైన్సు తీసుకుంటానంటే, బొమ్మలు, గ్రాఫులు ఉంటాయి, నీకు కుదరదన్నారు. కోర్టుకెళ్లి గెలిచాడు. ఓ టీచర్ పాఠాలన్నీ ఆడియోగా మార్చి ఇచ్చారు. 98 శాతం తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగ్‌కి చేర్చుకోమంటే, అమెరికాలో ఎంఐటీకి వెళ్లి చదువుకొచ్చాడు. వచ్చి కంపెనీ పెట్టాడు. మనకి గుర్తుండేది ఎంఐటీ. నాకు మాత్రం ఆ ఆడియో చేసిన టీచరే కళ్ల ముందు కనిపిస్తున్నారు.

మన అశోక్‌నగర్ జనానికి పనికొచ్చే కేసు ఇంకోటుంది. సివిల్స్ రాయాలనుకున్న వికాస్ కుమార్ అనే అభ్యర్థికి చేతి కండరాలు పట్టేసే సమస్య. స్క్రైబ్ కావాలన్నాడు. 40 శాతం వైకల్యం లేదు కాబట్టి కుదరదన్నారు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, అవసరమున్నవాడికి శాతాల లెక్క చూపించి సాయం ఆపకూడదని తీర్పిచ్చింది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. అరవై మంది పిల్లలున్న క్లాసులో ఒక్క టీచర్ మీద భారమంతా వేసి, అందరినీ కలిపేశాం అంటే సరిపోదు. కూర్చోబెట్టడం వేరు, కలుపుకోవడం వేరు. అందుకే ప్రైమరీలో ఇలాంటి పిల్లలు పదిమందికి, హైస్కూల్లో పదిహేనుమందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నదీ అందుకే.

“నువ్వు టెన్త్ దాకా స్పెషల్ స్కూల్లోనే చదివావు కదా, అదే నయమేమో?” అని మావాణ్ని అడిగాను.

“బ్రెయిలీ ఆడనే నేర్సుకున్న, కర్ర పట్టుకోని నడుసుడు ఆడనే నేర్సుకున్న. మంచిగనే ఉండె. గని బస్సు స్పెషల్ ఉండదు, ఆఫీసు స్పెషల్ ఉండదు. అందరితోని ఉండుడు ఏడ నేర్సుకోవాలన్నా? మీరు మాతోని ఉండుడు ఏడ నేర్సుకుంటరు?”

రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. తెల్లకర్ర పట్టుకున్న మనిషితో పాతికేళ్లు వచ్చేదాకా నేను కూర్చుని టీ తాగలేదు.

వాడు రోజూ చిక్కడపల్లి మెట్రోలో దిగుతాడు. స్టేషన్లో లిఫ్టుంది, కాలికి తగిలే గీతల టైల్స్ ఉన్నాయి. రోడ్డు మీదకి రాగానే ఫుట్‌పాత్ నిండా బైకులు. వాడి కర్రకి మొదట తగిలేది మనలో ఎవరిదో ఒకరి బండి.

పోయిన నెల ధైర్యం చేసి సార్ దగ్గరికెళ్లాను. “సార్, బోర్డు మీద రాసేది పైకి కూడా చెప్పండి. అక్కడ ఎ, ఇక్కడ బి అని.” సార్ ఓ క్షణం ఆగి, “ఎవరూ చెప్పలేదేంటయ్యా ఇన్నాళ్లు?” అన్నారు. ఇప్పుడు చెబుతున్నారు. మర్చిపోయి మళ్లీ “ఇది” అన్నారనుకోండి, “ఏది సార్?” అని వెనక వరసలన్నీ ఒక్కసారిగా అరుస్తాయి. వాళ్లకీ బోర్డు కనిపించదు మరి! ఈసారి నవ్వుల్లో వాడి నవ్వు కూడా ఉంటోంది.

మూడంతస్తుల మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. క్యాలిపర్స్ వేసుకున్న ఏ అమ్మాయీ ఇప్పటికీ మా క్లాసుకి రాలేదు. మళ్లీ ఎవరైనా అడిగితే ఈసారి “లేరు” అనను. “రానివ్వలేదు” అంటాను. కింది అంతస్తులో బ్యాచ్ పెట్టండని వచ్చేవారం సార్‌ని అడగబోతున్నాను.

మీరూ ఓ పని చేయండి. ఈ వారం గ్రూపులో నోట్స్ పెట్టేటప్పుడు ఫొటోతో పాటు కింద నాలుగు ముక్కలు టైప్ చేయండి. మీ గ్రూపులో అలాంటివాళ్లు ఎవరూ లేరంటారా? నేనూ అదే అన్నాను.