తెరచిన ద్వారం, తెలియని భాష

2021 మే 1 నుంచి 18 ఏళ్లు నిండినవారంతా కోవిడ్ టీకాకు అర్హులయ్యారు. అయితే 18 నుంచి 44 ఏళ్లవారు ముందుగా ‘కోవిన్’లో పేరు నమోదు చేసుకొని సమయం నిర్ణయించుకోవలసి వచ్చింది. ఢిల్లీ, గుర్‌గావ్, నోయిడాలలో ఖాళీలు ఇలా కనిపించి అలా మాయమయ్యేవి.

కోవిన్‌లో ఒక విశేషముండేది. ఖాళీల వివరాలను ఇతరుల ప్రోగ్రాములు సైతం అడిగి తెలుసుకొనేందుకు ప్రభుత్వం ఒక ద్వారం తెరచింది. దీనినే ఏపీఐ అంటారు. పిన్‌కోడు, తేదీ పేర్కొంటే ఏ కేంద్రంలో ఎన్ని టీకాలున్నవో జవాబు వచ్చేది. కాస్త ప్రోగ్రామింగు తెలిసిన కుర్రవాడెవరైనా ఈ జవాబును పదే పదే పరిశీలించి, ఖాళీ కనిపించగానే గంట మోగించే సాధనాన్ని తయారుచేసుకోగలిగేవాడు. అనేకులు చేసుకొన్నారు; కొందరు ఇతరులకు ఉచితంగా పంచిపెట్టారు. మెచ్చదగిన పనే. కాని ఆ గంట ఎవరి ఇంట మోగింది? స్మార్ట్‌ఫోను ఉన్నవాని ఇంట. అది లేని కూలివానికి ఆ ద్వారం తెరచినా మూసినా ఒకటే.

ఢిల్లీలో సుప్రీంకోర్టును కలవరపరచినదీ ఈ సంగతే. తెలుగువారైన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఒక సభ్యులుగా గల ధర్మాసనం, ఇంటర్నెట్టు అందుబాటులో లేనివారు టీకా ఎలా పొందగలరని మే 31న ప్రభుత్వాన్ని నిలదీసింది. కోవిన్ ప్రాంతీయ భాషలలో లేకపోవడాన్నీ ఎత్తిచూపింది.

జూన్‌లో తెలుగు మొదలైన భాషలు చేరాయి. ఆ నెల 21 నుంచి టీకా కేంద్రాలన్నిటా అక్కడికక్కడే నమోదుకు వీలు కలిగింది.