జెర్రి కరిస్తే ఎందుకు మండుతుంది?

బాన్సువాడ పిల్లలకు జెర్రిని పరిచయం చెయ్యనక్కర లేదు. వానలు పట్టుకుని నేల నానిందంటే చాలు, రాళ్ళ కిందా, కట్టెల మోపుల కిందా దాగి ఉన్న జెర్రులు గోడవార పాకుతూ ఇళ్ళలోకి వస్తాయి. పెద్దవాళ్ళు చెప్పు వెతుకుతారు. మీరు మంచం ఎక్కుతారు. అలా మంచం మీద నిలబడి చూసేటప్పుడు దాని కాళ్ళు మీలో ఎవరైనా లెక్కపెట్టారా?

శతపాది అని పేరే గాని దానికి నూరు కాళ్ళు లేవు. మన దక్కను ప్రాంతంలో కనిపించే పెద్ద జెర్రికి సాధారణంగా 21 జతలు, అంటే 42 కాళ్ళు ఉంటాయి. కొన్ని రకాలకు 15 జతలే. దారంలా సన్నగా ఉండే కొన్నిటికి 191 జతల దాకా ఉంటాయి. తమాషా ఏమంటే, ఎదిగిన జెర్రికి ఈ జతలు ఇంచుమించు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. నూరు కాళ్ళు కావాలంటే 50 జతలు ఉండాలి గదా! యాభై సరిసంఖ్య!

ఈ లెక్కలోకి రాని మరొక జత ఉంది. అది తల కిందనే ఉంటుంది. ఒకప్పటి కాళ్ళే వంగి, మొన తేలి, కోరలుగా మారాయి. వాటిలోనే విషపు తిత్తులున్నాయి. కనక జెర్రి నిజానికి నోటితో కరవదు, కాళ్ళతో పొడుస్తుంది! తోకవైపు పొడుగ్గా కనిపించే కాళ్ళను చూసి భయపడేవాళ్ళున్నారు. ఆ కాళ్ళలో విషం లేదు.

ఇక ఆ విషం లోపల ఏం చేస్తుందో చూద్దాం. దీనికి మీకు తెలిసిన కాలువే మంచి ఉపమానం. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్ నుంచి కాలువలో నీళ్ళు వస్తాయి. తూము తెరిస్తే నీరు పొలంలోకి పారుతుంది, మూస్తే ఆగిపోతుంది. మన నాడుల గోడలలో కూడా ఇటువంటి తూములే ఉన్నాయి. కంటికి ఆనవు, అంత చిన్నవి. వాటి గుండా పారేది నీరు కాదు. సోడియం, పొటాషియం అనే మూలకాల కణాలు విద్యుత్తును మోసుకుంటూ పారుతాయి. నాడిలో వార్త బయలుదేరాలంటే సోడియం తూములు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది. వెంటనే పొటాషియం తూముల గుండా పొటాషియం బయటికి పోతుంది. అప్పుడు నాడి శాంతించి, తరవాతి వార్తకు సిద్ధమవుతుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా ఎన్నోసార్లు జరిగిపోతుంది.

జెర్రి విషం ఈ తూముల దగ్గరే అల్లరి చేస్తుంది.

చైనాలో ఎర్రతల జెర్రి ఒకటి ఉంది. బరువు 3 గ్రాములు. అది 45 గ్రాముల ఎలుకను, అంటే తనకు 15 రెట్లు బరువున్న జంతువును, అర నిమిషంలో పడగొట్టేసింది! ఎలాగని అక్కడి శాస్త్రజ్ఞులు పరీక్షించి 2018లో జవాబు ప్రకటించారు. ఆ విషంలోని ఒక పదార్థం కొన్ని పొటాషియం తూములకు బిరడాలా అడ్డు పడుతుంది. ఇక నాడికి శాంతి ఎక్కడిది? ఉద్రేకం తగ్గదు. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండెకు రక్తం అందదు, ఊపిరి ఆడదు. మూర్ఛరోగానికి ఒకప్పుడు వాడిన రెటిగాబిన్ అనే మందుకు ఆ తూములనే తెరిచే గుణం ఉంది. దాన్ని ఇచ్చి చూస్తే విషం జోరు తగ్గింది.

మరి మంట సంగతి? మిరపకాయ కొరికితే నోరు మండుతుంది. నోట్లో నిప్పు లేదు గదా! కాలితే తెరుచుకోవలసిన తూమును మిరపలోని కారం తెరిచేస్తుంది, మెదడు మోసపోతుంది. ఈ తూమును 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానంలో భాగం దక్కింది. మామూలుగా ఈ తూము 43 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే గాని తెరుచుకోదు. ఆ ఎర్రతల జెర్రి విషంలో ఉన్న మరొక పదార్థం ఈ హద్దును కిందికి దించేస్తుందని 2015లో తేలింది. అప్పుడు మన ఒంటి వేడే నిప్పులా తోస్తుంది! కారం పని చేసే తూము మీదనే జెర్రి కూడా చెయ్యి వేసిందంటే ఎంత గడుసుదో చూడండి.

మన దగ్గరి జెర్రులు వేరే జాతులు. ఒక్కొక్క జాతి విషంలో పాళ్ళు ఒక్కొక్క రకంగా ఉంటాయి. అయినా మంట, వాపు, ఎర్రదనం మనకూ తప్పవు. ప్రాణానికి ముప్పు మాత్రం చాలా అరుదు. ఎలుక ఎంత, మీరెంత! అదే విషం మీ ఒంట్లో పలచబడిపోతుంది. కుట్టినచోట సబ్బుతో కడిగి, మంచుముక్కను గుడ్డలో చుట్టి అద్దితే మంట తగ్గుతుంది. కోసి రక్తం తియ్యడం, తాడు బిగించి కట్టడం, వాత పెట్టడం కూడదు. ఆయాసం వచ్చినా, ముఖం వాచినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. చీకట్లో ఏదో కరిచింది, అది ఏమిటో మీరు చూడలేదు. అంత నొప్పి కూడా లేదు. "జెర్రి కాబోలు" అని దుప్పటి కప్పుకుని పడుకోకండి! జెర్రి కరిస్తే కేక పెట్టవలసిందే. నొప్పి లేకుండా కరిచేది కట్లపాము. నేల మీద పడుకున్నవాళ్ళను అది రాత్రిపూట కాటు వేస్తుంది. దాని విషం నాడి నుంచి కండకు వెళ్ళే వార్తను తెంపేస్తుంది. ముందు కనురెప్పలు వాలతాయి, తరవాత మాట ముద్దగా వస్తుంది, చివరకు ఊపిరి ఆగుతుంది. రెప్పలు వాలేదాకా చూస్తూ కూర్చోకూడదు. అమ్మనో నాన్ననో లేపి, 108కి ఫోను చేయించి, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళండి. పాము విషానికి విరుగుడు మందు ఉంది. అది ఎంత తొందరగా ఒంట్లోకి ఎక్కితే అంత మేలు.