సున్నా ఎక్కడ పెడదాం?
ఇంజనీరింగ్ ల్యాబుల్లో ఇంకా 741నే పట్టుకుని వేలాడుతున్నాం. 1968లో ఫెయిర్‌చైల్డ్ తెచ్చిన ఆప్-ఆంప్ చిప్ అది. ప్లస్ 15, మైనస్ 15 ఓల్టులు బల్ల మీద సిద్ధంగా ఉంటే దానికేం ఢోకా లేదు. అదే చిప్‌ను ఒక కుర్రాడు హాస్టల్లో ఫోన్ చార్జర్ 5 ఓల్టులకు తగిలిస్తే మొండికేస్తుంది. ఆప్-ఆంప్‌కు అసలు గ్రౌండ్ పిన్నే లేదు, గమనించారా? సున్నా ఎక్కడన్నది మన ఏర్పాటే. రెండు 10 కిలో ఓమ్ రెసిస్టర్లతో సప్లైని సగం చేసి, మధ్య నుంచి గ్రౌండ్‌కు ఒక కెపాసిటర్ వేసి, ఆడియో సిగ్నల్‌ను ఆ సగం చుట్టూ ఊగనిస్తే 9 ఓల్టుల బ్యాటరీ ఒక్కటే చాలు. సెన్సర్ పనికైతే ఎల్‌ఎం358 అనే ఆప్-ఆంప్ మేలు: ఇన్‌పుట్ సున్నా దాకా దిగుతుంది, అవుట్‌పుట్‌లో పైన మాత్రం ఓల్టున్నర వదులుకోవాలి. మొదటి ప్రయోగంగా పిల్లలతో ఈ ఒకే సప్లై సర్క్యూటే చేయించండి, ప్లస్-మైనస్ డ్యుయల్ సప్లై తర్వాత చూసుకోవచ్చు.